లారెన్స్ కథలో చామంతులు చావుకు గుర్తు అని రాస్తే సరిపోతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఎం.ఏ. ఇంగ్లీషులో డి.హెచ్. లారెన్స్ కథ ‘ఓడర్ ఆఫ్ క్రిసాంథమమ్స్’ మీకు పాఠంగా ఉంది. గైడులో చామంతి అంటే చావు అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కానీ కథలో కూతురు అవే పూలు వాసన చూసి ఎంత బాగున్నాయో అంటుంది, మరి అది చావు ఎలా అవుతుంది అని మీ అనుమానం. పైగా సెమినార్‌లో తెలుగులో మాట్లాడాలి కాబట్టి కథ పేరును ఎలా చెప్పాలో కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. చావు అని మాత్రమే రాస్తే సరిపోదు. ఆ పూలకు సొంతంగా ఒక అర్థం లేదు, ఎవరు వాసన చూస్తే వాళ్ల బతుకు ఆ వాసనలో ఉంటుంది. పసిదానికి అది మంచి వాసన, తల్లికి అది పెళ్లి, పురుడు, తాగుడు మూడూ కలిసిన వాసన. చివరికి చావు కూడా అందులో వచ్చి చేరుతుంది, అంతే. మీ అనుమానమే సరైనది, గైడు తొందరపడింది.

ఈ కథను ఇరవై రెండేళ్లు డిగ్రీ పిల్లలకూ పీజీ పిల్లలకూ చెప్పాను. మొదటి మూడు నాలుగేళ్లు నేనూ చామంతి అంటే చావు అనే చెప్పాను, ఎందుకంటే నాకూ అలాగే చెప్పారు. ఒక ఏడాది క్లాసులో ఆ వాక్యాలను పైకి చదివిస్తుంటే మీకు వచ్చిన అనుమానమే ఒక అమ్మాయికి వచ్చింది. ఆ రోజు రాత్రి కథ మొదటి నుంచి చివరి దాకా మళ్లీ చదివాను, పూలు ఎక్కడెక్కడ వస్తాయో పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ. మీరూ ఆ పని చేయండి, గంట కూడా పట్టదు.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌షైర్, బొగ్గు గనుల పల్లె. ఎలిజబెత్ బేట్స్ భర్త వాల్టర్ గనిలో పని చేస్తాడు. ఐదేళ్ల కొడుకు జాన్, బడికి వెళ్లే కూతురు ఆనీ, ఆమె కడుపులో ఇంకో బిడ్డ. సాయంత్రం షిఫ్టు అయిపోయినా మొగుడు రాడు, మళ్లీ తాగుడు దుకాణంలో కూర్చున్నాడని ఆమె మండిపడుతూ ఉంటుంది. రాత్రికి శవాన్ని మోసుకొస్తారు. అత్తా కోడళ్లిద్దరూ ముందుగది నేల మీద ఆ దేహాన్ని కడుగుతారు. ఇంతే కథ. 1909లో రాశాడు, 1911లో ‘ది ఇంగ్లిష్ రివ్యూ’ పత్రికలో వచ్చింది, 1914లో ‘ది ప్రష్యన్ ఆఫీసర్’ సంపుటిలో చేరింది. ఊహించి రాసింది కూడా కాదు. లారెన్స్ తండ్రి బ్రిన్స్‌లీ గనిలో కార్మికుడు, సొంత బాబాయి 1880లో అదే గనిలో చనిపోయాడు, ఆ పిన్ని ఉన్న ఇల్లే కథలోని ఇల్లు.

ఇప్పుడు పూల సంగతి. మొదట కనిపించేటప్పటికి అవి దారి పక్కన చెదిరిపోయి, పొదల మీద ఆరేసిన గులాబి రంగు గుడ్డల్లా ఉంటాయి. జాన్ నడుస్తూ వాటిని పీకి రేకులు దారంతా పారేస్తుంటాడు. అలా చేయకు, చూడ్డానికి బాగోలేదు అని తల్లి కసురుతుంది. వెంటనే ఏమనిపించిందో, తనే మూడు నాలుగు పాలిపోయిన పూలున్న ఒక రెమ్మ తుంచి మొహానికి ఆనించుకుంటుంది, పారేయబుద్ధి కాక నడుముకు కట్టుకున్న ఏప్రన్ పట్టీలో దోపుకుంటుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఈ పూలు చావుకే గుర్తయితే ఆమె మొహానికి ఎందుకు ఆనించుకుంటుంది? ఆమెలో మెత్తదనం ఇంకా చచ్చిపోలేదని కథ మనకు చూపించేది ఇక్కడే. పిల్లాణ్ని కసిరిన చేత్తోనే పువ్వు తుంచింది.

తర్వాతది దీపం వెలిగించే ఘట్టం. నాకు తెలిసి కథలో అన్నిటికన్నా బిగువైన చోటు ఇదే, పరీక్షలో దీని గురించి రాసేవాళ్లు చాలా తక్కువ. ఇల్లు చీకటిగా ఉంది. పైనుంచి వేలాడుతున్న దీపం వెలిగించడానికి ఎలిజబెత్ చేతులు పైకెత్తింది. ఒళ్లు సాగేసరికి ఆమె కడుపుతో ఉందని అప్పుడే తెలుస్తుంది. గాజు చిమ్నీ ఇంకా మంట మీద పెట్టలేదు, చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడు ఆనీ అరుస్తుంది, అమ్మా నీ ఏప్రన్‌లో పువ్వుంది అని. చూడండి, వెలుతురు, కడుపు, పువ్వు, మూడూ ఒక్క క్షణంలో ఒకే ఒంటి మీద కనిపిస్తాయి. కూతురికి అది అబ్బురం. అమ్మ పువ్వు పెట్టుకోవడం ఆ ఇంట్లో అంత అరుదు మరి. ఇల్లు తగలబడిందా ఏంటి అన్నట్టు తల్లి విసుక్కుంటుంది. పిల్ల దగ్గరికొచ్చి వాసన చూసి, ఎంత బాగుందో కదా అంటుంది. తల్లి పొట్టిగా ఒక నవ్వు నవ్వి చెప్పిన జవాబు మీకు గుర్తుండే ఉంటుంది. నాకు కాదు, అతన్ని పెళ్లాడినప్పుడు చామంతులే, నువ్వు పుట్టినప్పుడు చామంతులే, తాగి పడిపోతే మొదటిసారి మోసుకొచ్చిన రోజు కూడా అతని కోటు గుండీ కాజాలో ఉన్నవి గోధుమరంగు చామంతులే అంటుంది.

మూడు సంగతులు చెప్పింది, అందులో చావు లేదు. రెండు శుభాలు, ఒక అవమానం. ఆ అవమానం వచ్చి ముందున్న రెంటినీ పాడు చేసింది, ఇప్పుడు ఆమె పెళ్లిని తలుచుకున్నా ఆ తాగిన రోజే గుర్తొస్తుంది. అంటే పువ్వు ఆమెకు ఒక పంచాంగం లాంటిది. జవాబులో ఈ మాటల్ని ఎత్తి చూపిస్తే చాలు, పేపరు దిద్దేవాళ్లకు మీరు కథ చదివారని తెలిసిపోతుంది.

గైడులవాళ్లకు చావు అనే ఆలోచన ఊరికే రాలేదు లెండి. ఫ్రాన్స్, ఇటలీ లాంటి దేశాల్లో నవంబరు మొదట్లో సమాధుల మీద పెట్టేది ఈ పువ్వే. ఇంగ్లండు పల్లెల్లో మాత్రం అది చలి మొదలయ్యేటప్పుడు పెరట్లో పూసే మామూలు పువ్వు. పెళ్లీ పురుడూ తాగుడూ ఆ కాలంలో జరిగాయి కాబట్టి ఆ పువ్వు ఉంది, అంత సహజంగా వస్తుంది. మనవాళ్లు దీనికి పూర్తిగా ఎదురుగా ఇంకో పొరపాటు చేస్తారు. మనకు చామంతి అంటే బతుకమ్మలో వరస, దేవుడి పటం మీద దండ, జడలో పువ్వు. అందుకని ‘చామంతి పవిత్రతకు సంకేతం’ అని రాసిన పేపర్లు నేను ఏటా దిద్దాను. అదీ తప్పే. అయితే ఒక మాట మాత్రం నిజం, మనకు ఈ కథ అందడం సులువు. అదే పువ్వును మనం గుమ్మానికీ కడతాం, పాడె మీదా వేస్తాం. ఒకే వాసనకు రెండు రోజులు గుర్తు రావడం మన ఇళ్లలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక చావు ఆ పూలలోకి ఎప్పుడు వస్తుందో చూద్దాం. భర్త పోయాడని తెలిశాక ఎలిజబెత్ కొవ్వొత్తి పట్టుకుని ముందుగదిలోకి వెళ్తుంది. శవాన్ని పెట్టడానికి చోటు చూడాలి. అక్కడ రెండు పూలగిన్నెల్లో గులాబి చామంతులు, గదంతా చల్లటి, చావు లాంటి వాసన. ఇక్కడే రచయిత మొదటిసారి ఆ మాట వాడాడు. ఆమె కాసేపు ఆ పూల వైపు చూస్తూ నిలబడుతుంది. తర్వాత చేసే పని చూడండి, తివాచీ పాడవకుండా నేల మీద పాత ఎర్ర బల్లగుడ్డా ఇంకో గుడ్డా పరుస్తుంది, ఒక శుభ్రమైన చొక్కా తీసి వెచ్చబెడుతుంది. మొగుడు పోయిన ఆడది తివాచీ గురించి ఆలోచిస్తుందా, రాతిగుండె అంటూ క్లాసులో మగపిల్లలు కొందరు అంటుంటారు. నేను ఒప్పుకోను. మా ఊరు బొగ్గు బావుల ఊరు, మా నాన్న బాయి పని చేశాడు, అలాంటి ఇళ్లలో ఆడవాళ్లు ఎంత పెద్ద వార్త విన్నా చేతులు ముందు పనిలో పడతాయి. ఏడుపు తర్వాత వస్తుంది.

శవాన్ని లోపలికి తెచ్చేటప్పుడు ఒకాయన తగిలి ఒక పూలగిన్నె పడి పగులుతుంది. ఎలిజబెత్ భర్త మొహం చూడదు, ముందు ఆ పెంకులూ పూలూ ఏరుతుంది, నీళ్లు గుడ్డతో ఒత్తి తుడుస్తుంది, మోసుకొచ్చినవాళ్లు అలాగే మాట లేకుండా నిలబడి ఉంటారు. ఆ తర్వాత కథ మళ్లీ పూల దగ్గరికి పోదు. నేను పెన్సిలు గీతలు పెట్టిన రాత్రి నన్ను నిలబెట్టేసింది ఇదే. పేరులోనే పూలున్న కథ, అసలు ముఖ్యమైన చివరి భాగంలో పూలను వదిలేసింది. ఎందుకంటే ఇన్నాళ్లూ ఆమె భర్తను చూడలేదు, అతని గుర్తులను చూసింది. పువ్వు, తాగుడు, ఆలస్యం, వీటితోనే మనసులో ఒక మనిషిని తయారు చేసుకుని ఆ మనిషితో పోట్లాడింది. ఇప్పుడు ఎదురుగా మనిషే ఉన్నాడు. గుర్తు పగిలిపోయింది, ఏరి పక్కన పెట్టేసింది. లేని మొగుడితో ఇన్నాళ్లూ యుద్ధం చేశాను, ఇతను ఎప్పుడూ వేరుగానే ఉన్నాడు అని ఆమెకు తెలిసొచ్చేది ఆ నేల మీద, అతన్ని కడుగుతుండగానే. ఈ ముగింపును లారెన్స్ తిరగరాశాడు, 1911 పత్రిక ప్రతిలో ఉన్నదీ 1914 పుస్తకంలో ఉన్నదీ ఒకటి కాదు. మీరు చదివేది సాధారణంగా 1914 నాటిదే, జవాబులో ఆ మాట ఒక్క వాక్యం రాయండి.

పూల గురించి ఇంత చెప్పాను గానీ కథలో గుర్తులు ఇంకా ఉన్నాయి, వాటిలో కొన్ని నాకు పూల కన్నా బలంగా అనిపిస్తాయి.

ఒకటి నిప్పు. పొయ్యిలో మండేది బొగ్గే. అదే బొగ్గు ఇంటిని వెచ్చగా ఉంచుతుంది, అదే ఇంటి మనిషిని మింగుతుంది. ఇది అందరూ రాస్తారు. రాయనిది ఏంటంటే, ఆనీకి ఆ ఎర్రటి పొయ్యిని చూస్తూ కూర్చోవడం ఇష్టం, ఎంత ఎర్రగా ఉందో, నిండా చిన్న చిన్న గుహలున్నాయి అంటుంది. ఆ వేళకే తండ్రి గనిలో రాళ్లు కూలి ఒక గుహలో మూసుకుపోయి ఉండాలి, షిఫ్టు అయ్యాక మిగిలిన కొంచెం పని ముగించడానికి వెనక ఉండిపోయాడని తర్వాత మనకు తెలుస్తుంది. పసిదాని నోట గుహ అనే మాట అంత ముద్దుగా రావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పట్టేసినట్టు ఉంటుంది.

రెండోది ఆమె కోపంలోనే ఉంది. భర్త రాలేదని తిడుతూ, తాగొస్తే ఒంటి నిండా గని మురికితో దొర్లుకుంటూ రానీ, నేను కడగను, నేల మీదే పడుంటాడు అంటుంది. దుంగలా మోసుకొస్తారులే అని కూడా. ప్రతి మాటా నిజమవుతుంది, ఒక్కటి తప్ప. దుంగలాగే మోసుకొచ్చారు, నేల మీదే పెట్టారు, కడగను అన్నది మాత్రం తనే కూర్చుని కడిగింది. గుర్తు అంటే పువ్వో రైలో మాత్రమే అనుకుంటారు పిల్లలు, మాట కూడా గుర్తు కావచ్చు.

మూడోది మచ్చ. ఎలిజబెత్ భర్తను వెతకడానికి పక్కింటి రిగ్లీ దగ్గరికి వెళ్లినప్పుడు, అతని కణత మీద నీలం గీత ఒకటుందని రచయిత చెప్తాడు. గనిలో దెబ్బ తగిలితే గాయంలో బొగ్గుపొడి ఉండిపోయి పచ్చబొట్టులా మారింది. గైడుల్లో ఇది ఎక్కడా చూడలేదు నేను. మా నాన్న మోచేతి కింద అలాంటిదే ఒకటి ఉండేది, చిటికెన వేలంత పొడవు, చెయ్యి ఎంత రుద్దినా పోయేది కాదు. చిన్నప్పుడు దాని మీద వేలు పెట్టి గీస్తే చర్మం నున్నగా, చుట్టూ ఉన్నదాని కన్నా కొంచెం గట్టిగా తగిలేది. అందుకే ఆ వాక్యం దగ్గర నేను దాటి పోలేకపోయాను. బతికున్న రిగ్లీ ఒంటి మీద గని తన ముద్ర వేసింది. చనిపోయిన వాల్టర్ ఒంటి మీద ఒక్క గీత లేదు, రాళ్లు మీద పడలేదు, దారి మూసేశాయి, ఊపిరాడక పోయాడు, ఎలుకబోనులో చిక్కినట్టు. పాలలా తెల్లగా ఉన్నాడని అత్తగారు మురిపెంగా ఏడుస్తుంది. మచ్చ ఉన్నవాడు బతికాడు, మచ్చ లేనివాడు పోయాడు. మీ సెమినార్‌లో ఏదైనా కొత్తగా చెప్పాలనుకుంటే ఇది చెప్పండి.

రైలు గురించి కూడా అడుగుతారు, కథ దానితోనే మొదలవుతుంది కాబట్టి. నాలుగో నంబరు ఇంజను, ఏడు నిండు వ్యాగన్లు, గణగణమంటూ తడబడుతూ వస్తుంది. అంత రొద చేసినా పొదల్లోంచి బెదిరి పరిగెత్తిన గుర్రప్పిల్ల దాన్ని సులువుగా దాటేస్తుంది. బుట్ట పట్టుకుని పోతున్న ఒక పేరు లేని ఆడమనిషి వ్యాగన్లకూ కంచెకూ మధ్య ఇరుక్కుని అలా నిలబడి ఉంటుంది. ఎలిజబెత్ జీవితం, వాల్టర్ చావు రెండూ ఆ ఇరుకులో ముందే ఉన్నాయి. ఈ ఒక్క పేరా చదివే కథను తీసుకోవాలని తేల్చుకున్నానని ఆ పత్రిక సంపాదకుడు ఫోర్డ్ మాడక్స్ ఫోర్డ్ తర్వాత రాసుకున్నాడు. దీని మీద ఎక్కువ రాయకండి, అందరూ రాసేదే.

ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి వస్తువునూ గుర్తు చేసేయకండి. ఇంటి మీద పాకిన ద్రాక్షతీగ గోళ్లతో కప్పును పీకుతున్నట్టు ఉంది నిజమే, పెరట్లో ఎలుకలు కదిలితే ఆమె ఉలిక్కిపడింది నిజమే, కానీ ఆ ఊళ్లో తీగలూ ఎలుకలూ ఉంటాయి కాబట్టి కూడా ఉన్నాయి. తీగ అంటే ఇది, ఎలుక అంటే అది అని పట్టిక వేస్తే ఒక ఇల్లాలు మొగుడి కోసం కిటికీ వైపు చూస్తూ కూర్చున్న రాత్రి మన చేతిలోంచి జారిపోతుంది. మందమర్రి బొగ్గు గనుల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి క్లాసులో ఒక మాట అంది, మా అమ్మ కూడా నాన్న లేటయితే ముందు తిడుతుంది సార్, ఒక గంట దాటాక తిట్లు ఆగిపోతాయి, అప్పుడు మాకు టెన్షన్ మొదలవుతుంది అని. కథలో సరిగ్గా అదే వాక్యం ఉంది, ఆమె కోపంలో భయం కలిసిందని. మనుషుల్ని గనిలోకి దించే ఇంజను చప్పుడు విని ఆమె గుండె ఝల్లుమనడం, ఏం లేదు ఎవరో తొమ్మిది గంటల డ్యూటీకి దిగుతున్నారులే అని తనకు తానే సర్ది చెప్పుకోవడం, ఇవి చదివేటప్పుడు ఆ అమ్మాయికి నోట్సు అవసరం రాలేదు.

ఇక పేరు సంగతి. ‘చామంతుల పరిమళం’ అని చాలామంది అంటారు, దయచేసి వద్దు. లారెన్స్ మెచ్చుకునే మాట వాడలేదు, మంచీ చెడూ చెప్పని మాట వాడాడు. ఆనీ ముక్కుకూ తల్లి ముక్కుకూ రెంటికీ సరిపోవాలి కదా. ‘చామంతుల వాసన’ అనండి. మనకు ఆ మాటలో ఇంకో లాభం ఉంది. వాసన అంటే ముక్కుకు తెలిసేది ఒకటే కాదు, అనుభవించినది పోయినా మనసులో మిగిలిపోయే జాడను కూడా వాసనే అంటాం, పూర్వజన్మ వాసనలు అంటాం చూడండి. పెళ్లి పోయింది, పురుడు పోయింది, ఆ తాగిన రాత్రి పోయింది, వాసన మిగిలింది. ఇది రచయిత ఉద్దేశం అని మాత్రం రాయకండి, అతనికి మన మాట తెలియదు. తెలుగు చేసేటప్పుడు దొరికిన అర్థం అని నిజాయితీగా చెప్పండి, ఎవరూ కాదనరు.

జవాబు ఎక్కడ మొదలుపెట్టాలి అని చివర్లో అడిగారు. పువ్వు అంటే ఏమిటో చెప్పడంతో మొదలుపెట్టకండి, దీపం కింద ఆనీ వాసన చూడటంతో మొదలుపెట్టండి. తర్వాత తల్లి నవ్వు, తర్వాత ముందుగదిలో కొవ్వొత్తి, తర్వాత పగిలిన గిన్నె. ఆమె నీళ్లు తుడిచే దాకా వచ్చాక పూలను వదిలేసి దేహం దగ్గరికి రండి, కథ కూడా అలాగే వచ్చింది.